పదకొండు ఖాళీ సీసాలు

జూన్ 14

తమ్ముడికి,

పిల్ల క్షేమం. ఆ ముక్క ముందు రాయకపోతే మిగతాది చదవవు గనక ముందే రాసేశాను. ఇక తీరిగ్గా చదువుకో. మీ సొరంగం క్యాంపులో ఫోన్ పలకకపోవడం నాకు ఒకందుకు మంచిదే, నా మాట మధ్యలో నువ్వు అడ్డు తగలలేవు.

నువ్వు లారీ ఎక్కాక పిల్ల సాయంత్రం దాకా గుమ్మంలోనే కూర్చుంది. ఏడవలేదు. తల్లి పోయినప్పటి నుంచి అది ఏడవడం మానేసిందని నువ్వు చెప్పింది నిజమే. నేనే పక్కన చేరి, "మన బైండింగు దుకాణంలో లైబ్రరీ పుస్తకాల ఫారాలు, అదే అచ్చు కాగితాలు, మడవాలి, నీకు చేతకాకపోతే చెప్పు, ఇంకెవరినైనా చూసుకుంటా" అన్నాను. "నాకు ఎనిమిదేళ్ళు. ఎందుకు చేతకాదు?" అని లేచి వచ్చింది. అచ్చం నీ పొగరే. ఇంత సన్నగా ఉంది కదా అని పుల్లమ్మ అని పేరు పెట్టాను, పలుకుతోంది.

నువ్వు గోడకి అంటించి వెళ్ళిన కాగితం చూస్తే నవ్వొచ్చింది. పొద్దున తిండితో ఒక కాల్షియం మాత్ర, రాత్రి అన్నంతో ఇంకోటి, మధ్యాహ్నం పాలయ్యాక విటమిన్ డి చుక్కలు. ఐరన్ మాత్ర మాత్రం కాల్షియానికి రెండు గంటల దూరంలో వేయాలి, ఎదురుపడితే ఒకదాని పని ఒకటి చెడగొడుతుందట. తోడికోడళ్ళని విడివిడిగా పిలిచినట్టు పిలుస్తున్నాను. వంటింట్లో గోధుమపిండి డబ్బా ఎత్తేశాను, గిన్నెలు కొత్తవి కొన్నాను. నేనూ రొట్టె మానేశాను, దాని ముందు తినడానికి మనసొప్పలేదు.

ఒక తప్పు జరిగింది. మూడో రోజు కాగితాల షావుకారు బిస్కెట్లు తెచ్చాడు. అలవాటు కొద్దీ ఒకటి దాని చేతిలో పెట్టేశాను. సగం తిన్నాక గుర్తొచ్చి లాక్కున్నాను. దాచి పెట్టుకోవడం నాకు చేతకాదు, తిట్టదలుచుకుంటే తిట్టు.

ఇట్లు,
మీ అక్క

జూన్ 23

అక్కా,

ఉత్తరం అందింది. తిట్టను. కానీ సగం బిస్కెట్టే కదా అని ఎప్పుడూ అనుకోకు.

బయల్దేరే హడావిడిలో సరిగ్గా చెప్పలేకపోయాను. దాని జబ్బు పేరు సీలియాక్. మనకి పట్టే గోధుమ దానికి పట్టదు. లోపలికి వెళితే పేగు లోపలి పొర పాడవుతుంది. పాడైన పేగు తిండిలోంచి కాల్షియాన్ని తీసుకోలేదు, డి విటమిన్‌నీ తీసుకోలేదు. అప్పుడు ఒళ్ళు తన ఎముకల్లోంచే కాల్షియం తీసి వాడుకుంటుంది. పిల్లల ఎముకలు గట్టిపడే వయసు ఇదే, ఇప్పుడు పోగేసుకున్నదే జీవితాంతం వాడుకోవాలని డాక్టరమ్మ చెప్పారు. మాత్రలు వేస్తూ గోధుమ పెట్టడమంటే చిల్లు కుండలో నీళ్ళు పోయడమే అన్నారు.

ఇక్కడి మెస్‌లో రెండు పూటలా రొట్టెలే. గాలిలో కూడా పిండే. అందుకే దాన్ని నీ దగ్గర పెట్టాను. నాకు ఇంకెవరున్నారు?

దాని కొలత గోడ మీద గీసి పెట్టు. మూడు నెలలకోసారి చూసి రాయి. సెంటీమీటర్లలో రాయి, జానల్లో కాదు.

నీ తమ్ముడు

సెప్టెంబర్ 6

సర్వేయర్ గారికి,

తమరు కోరిన కొలత: నూట పదిహేను సెంటీమీటర్లు. జూన్‌లో గీసిన గీత కూడా అదే. గోడ తప్పేమోనని టేపు మార్చి చూశాను. అదే.

తిండి బాగానే తింటోంది, అన్నం, పప్పు, గుడ్డు, పాలు. కడుపునొప్పి మాత్రం వారానికి రెండు మూడు సార్లు అంటోంది. బడి ఎగ్గొట్టే నొప్పి కాదు, నాకు ఆ నొప్పులన్నీ తెలుసు, నిన్ను పెంచినదాన్ని. మాత్రలు ఒక్క పూట తప్పలేదు. చప్పరించే మాత్ర కదా, దుకాణంలో ఉండగా కూడా ఒక్కోసారి పెదాల మీద తెల్లగా కనిపిస్తుంది. తుడుచుకోవే అంటే నవ్వుతుంది.

పనిలో మాత్రం చెయ్యి తిరిగింది. ఫారం మడిచి గోటితో గీత లాగితే నా గీత కన్నా సూటిగా వస్తోంది. అట్టలకి జిగురు నేను రాస్తాను, అది పట్టుకుంటుంది. బడి నుంచి వచ్చి సంచీ అయినా దించకుండా దుకాణంలోకే వస్తోంది. నీ కూతురు నీకు తిరిగి దక్కదురా, బైండరు అయిపోతుంది.

మీ అక్క

నవంబర్ 19

తమ్ముడూ,

కంగారు పడకు. పుల్లమ్మ ఎడం చెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. కట్టు కట్టించాను. ఆరు వారాలన్నారు.

ఎత్తు నుంచి పడలేదు. ముక్కాలి పీట మీద నుంచి దిగుతూ చేతి మీద ఆనింది, అంతే. చప్పుడు నాకు వినిపించింది. అట్ట విరిచినప్పుడు వచ్చే చప్పుడు. అది చెయ్యి వంక చూసింది, నా వంక చూసింది. అప్పుడూ ఏడవలేదు. నేనే ఏడిచాను.

కట్టు కట్టిన డాక్టరు పిల్లలన్నాక పడతారు అన్నాడు. దాని జబ్బు సంగతి చెప్పాను. అయితే మాత్రలు ఆపకండి అన్నాడు. ఆపడమేంటి, ఊపిరి మర్చిపోతానేమో గానీ ఆ మాత్ర మర్చిపోను.

అక్క

డిసెంబర్ 2

అక్కా,

పీట మీద నుంచి దిగితే చెయ్యి విరగకూడదు. ఎనిమిదేళ్ళ పిల్లకి అసలు విరగకూడదు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఒక్క సెంటీమీటరు పెరగలేదు. ఈ రెండూ కలిపి చూడు.

రక్తపరీక్ష చేయించు. గోధుమ ఇంకా లోపలికి వెళుతోందో లేదో అందులో తెలుస్తుంది. డి విటమిన్ ఎంతుందో కూడా చూడమను. సొరంగం రెండో వైపు తవ్వకం మొదలైంది, కొలతలకి నేను తప్ప మనిషి లేడు, కదలలేను.

బడిలో ఎవరైనా ఏదైనా పెడుతున్నారేమో కనుక్కో. నువ్వు పెట్టవని నాకు తెలుసు.

తమ్ముడు

డిసెంబర్ 15

తమ్ముడూ,

నీ ఉత్తరంలో ఆఖరి వాక్యం మూడు సార్లు చదివాను. నేను పెట్టనని నీకు తెలిస్తే ఆ మాట రాయడం ఎందుకు?

బడికి వెళ్ళి పంతులమ్మని అడిగాను. పిల్ల తన డబ్బా తప్ప ఎవరిదీ ముట్టదట, పక్క పిల్లలు ఇవ్వబోతే "నాకు పడదు" అని చెబుతుందట. రక్తపరీక్ష కట్టు విప్పాక చేయిద్దాం. సూది పేరెత్తితే ముఖం తెల్లబడుతోంది, ఒక నొప్పి మీద ఇంకో నొప్పి ఎందుకని ఆగాను.

అక్క

ఫిబ్రవరి 20

అక్కా,

నువ్వు మా ఆఫీసుకి కబురు పంపబట్టి రాగలిగాను. తొడ ఎముక విరిగి పడున్న పిల్లని మోసుకుని వచ్చేటప్పుడు నీతో ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడితే ఏమనేవాడినో నాకే తెలియదు. ఇప్పుడు రాస్తున్నాను.

నువ్వు వాయిదా వేసిన రక్తపరీక్షతో సహా ఇక్కడ పెద్దాసుపత్రిలో అన్ని పరీక్షలూ చేశారు. డి విటమిన్ ఉండాల్సిన దాంట్లో మూడో వంతు కూడా లేదు. ఎముకల సాంద్రత చూశారు, ఐదేళ్ళ పిల్లకి ఉండేంత కూడా లేదన్నారు. కూర్చున్న చోట నుంచి లేస్తే తొడ విరిగిందంటే ఆశ్చర్యమేం లేదన్నారు. గోధుమ లోపలికి వెళుతోందని రక్తం చెబుతోంది, ఈ మధ్య ఒకసారి కాదు, రోజూ.

డాక్టరు నన్ను అడిగింది ఒకటే. మాత్రలు వేస్తున్నారా, తిండి చూస్తున్నారా? నీ మీద నమ్మకంతో రెండిటికీ అవునన్నాను. ఆయన కాగితాలు నా ముందు పెట్టాడు.

నువ్వు జాలిపడ్డావు అక్కా. తల్లి లేని పిల్ల అని, ఒక ముక్క తింటే ఏమవుతుందని. మొదటి వారంలోనే పెట్టినదానివి. ఆ రోజు చెప్పావు, తర్వాత చెప్పడం మానేశావు. నీ జాలి పిల్ల కాలు ఎలా విరగ్గొట్టిందో చూశావా? ఇక దాన్ని పుల్లమ్మ అని పిలవకు.

తమ్ముడు

ఫిబ్రవరి 26

నీకు,

ఈ ఉత్తరంతో పాటు ఒక అట్టపెట్టె వస్తుంది. ఎనిమిది కాల్షియం సీసాలు, మూడు డి చుక్కల సీసాలు. పదకొండూ ఖాళీ. పుస్తకాల దారాలు వేసుకుందామని దాచాను గానీ నా నిజాయితీకి సాక్ష్యం అవసరమవుతుందని కాదు. మూత తీసి చూసుకో. ఒక్కో మాత్ర దాని అరచేతిలో పెట్టి, అది చప్పరించి నోరు తెరిచి చూపించాకే నేను ముద్ద తిన్నాను.

అమ్మ పోయినప్పుడు నీకు ఆరేళ్ళు. నీ కోసం పెళ్ళి వద్దనుకున్నానని ఎప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనను. కానీ ఇంత మాట పడ్డాను కనుక ఒక్కటి అడుగుతాను. నీ కూతురికి విషం పెట్టేదాన్నా నేను?

అక్క అని రాయబుద్ధి కావడం లేదు.

మార్చి 5

అక్కా,

పెట్టె అందింది. ఖాళీ సీసా చూస్తే సీసా ఖాళీ అయిందని మాత్రమే తెలుస్తుంది. మాత్రలు వేశావనే అనుకుందాం. గోధుమ మాటేమిటి? దానికి జవాబు పెట్టెలో లేదు.

పిల్ల బట్టలు, బడి కాగితాలు పంపించు. అది ఇక అక్కడికి రాదు.

తమ్ముడు

మార్చి 12

బట్టలు పంపాను. బడి కాగితాలు పంపాను. ఎర్ర గౌనుకి అంచు విప్పి పొడవు పెంచుదామనుకున్నాను, పెంచే అవసరం రాలేదు.

మార్చి 28

అక్కా,

ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. ఎత్తకపోవడమే మేలేమో, ఈ సంగతి నోటితో చెప్పలేను. కూర్చుని చదువు.

ఇక్కడ పిల్లల తిండి సంగతి చూసే ఆవిడ ఉంది. రోజూ వచ్చి పిల్లతో ఆటలాడుతూ ఏం తింటావని అడిగేది. అది అంతా సరిగ్గానే చెప్పేది, నాకు అది పడదు, ఇది పడదు అని పాఠంలా అప్పజెప్పేది. మొన్న ఆవిడ తిండి మాట వదిలేసి, "అత్త దుకాణంలో ఏం చేసేదానివి?" అంది. ఫారాలు మడిచేదాన్ని, అట్ట పట్టుకునేదాన్ని అంది. "జిగురు దేంతో చేస్తారు?" అంది ఆవిడ. పిల్ల దుప్పటి ముఖం మీదికి లాక్కుంది.

మైదాతో కదా అక్కా, మైదా అంటే గోధుమే కదా. మన ఇంట్లో తరతరాలుగా మైదాతోనే కదా కాచేది. నాకూ తట్టలేదు. చిన్నప్పటి నుంచి ఆ గిన్నె పక్కనే పెరిగినవాణ్ణి, అది తిండి పదార్థమని నాకు ఎప్పుడూ అనిపించలేదు.

అది జిగురు తినేదట. రోజూ. బడి నుంచి వచ్చాక, నువ్వు కాచి దించి చేతులు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు, వేడిగా ఉండగానే రెండు మూడు వేళ్ళు. పెదాల మీద తెల్లటిది చూసి నువ్వు ఏమిటని అడిగితే మాత్ర అనేదట. "ఎందుకమ్మా?" అన్నాను. దుప్పటి కింద నుంచే చెప్పింది. "అమ్మ రొట్టెలకి పిండి కలిపితే వచ్చే వాసన వస్తుంది నాన్నా."

అప్పుడు ఏడ్చింది. రెండేళ్ళ తర్వాత మొదటిసారి.

నేను నీకు రాసిన ఉత్తరాలు చించెయ్యి.

తమ్ముడు

ఏప్రిల్ 4

ఒరేయ్ తమ్ముడూ,

చించను. అవి సగం నిజమే. మాత్రల విషయంలో నువ్వు తప్పు, గోధుమ విషయంలో నువ్వు ఒప్పు. నా ఇంట్లోనే తిన్నది, నా చేత్తో కాచిందే తిన్నది.

నీకు తెలియనిది ఒకటి చెబుతాను. మన నాన్న జిగురులో మైలుతుత్తం కలిపేవాడు గుర్తుందా, పుస్తకానికి పురుగు పట్టకుండా? నీలం రాయి పొడి. జిగురు నీలంగా, కటిక చేదుగా ఉండేది. నువ్వు చిన్నప్పుడు ఒకసారి నాకి ఊసి, వారం దాకా నాలుక గీక్కున్నావు. నేనూ ఇన్నేళ్ళూ అదే కలిపాను. పిల్ల వస్తోందని తెలిసిన రోజే మానేశాను. విషం కదా, చిన్నపిల్ల తిరిగే చోటు, పొరపాటున నోట్లో పెట్టుకుంటుందేమోనని. మిగిలిన పొట్లం కూడా గోతిలో పూడ్చాను. దాని కోసమే జిగురుని తెల్లగా, చేదు లేకుండా చేశాను. చేదుగా ఉండి ఉంటే ఒక్కసారి నాకి వదిలేసేది. ఈ మాట ఎవరికీ చెప్పుకోలేకపోయాను, నీకే రాస్తున్నాను.

కాలు ఎలా ఉంది? నిజం రాయి.

అక్క

మే 18

అక్కా,

నిజమే రాస్తున్నాను. ఎముక అతుక్కుంది. అతుకు కాస్త వంకరగా పడింది, ఎడం కాలు ఒకటిన్నర సెంటీమీటర్లు పొట్టి అయింది. నేనే కొలిచాను. ఎదిగే వయసు కాబట్టి కొంత సర్దుకోవచ్చు, మొత్తం సర్దుకుంటుందని మాత్రం ఎవరూ మాట ఇవ్వలేదు. మిగతాదంతా మంచే. మూడు నెలలుగా గోధుమ లేదు, అవే మాత్రలు, అవే చుక్కలు, ఇప్పుడు ఒంటికి పడుతున్నాయి. డి విటమిన్ లెక్క దాదాపు మామూలుకి వచ్చింది. ఒక సెంటీమీటరు పెరిగింది కూడా.

నేను సొరంగం పని వదిలేశాను. ఇక్కడే ఆఫీసులో నక్షాలు గీసే పని ఇచ్చారు. అన్నం నేనే వండుతున్నాను. మాడుతోంది. అది వంక పెట్టకుండా తింటోంది, నీ పెంపకమే.

జూన్‌లో బడి తెరిచే వేళకి దాన్ని నీ దగ్గరికి పంపుదామని ఉంది. నువ్వు జిగురు మారిస్తే సరిపోతుంది, తెల్ల డబ్బా జిగురు బజార్లో దొరుకుతుంది. దాన్ని అడిగాను. రానంది. నీ మీద కోపమని నువ్వు అనుకోకూడదని దాని మాటే రాస్తున్నాను: "అత్త మంచిది నాన్నా. అక్కడికెళ్తే మళ్ళీ తింటానేమో."

నువ్వు ఒకసారి రమ్మను. నీ మాట వింటుంది. నన్ను క్షమించావని దానికి తెలిస్తే వస్తుంది.

తమ్ముడు

మే 27

తమ్ముడూ,

రమ్మనను. దుకాణంలో మైదా లేదు, గిన్నె మార్చాను, గోడలతో సహా అంతా కడిగించాను. ఆ సంగతి దానికి చెప్పకు. చెబితే నా మనసు నొప్పించలేక వస్తుంది. వచ్చాక అది చెయ్యి నోటి దగ్గరికి తీసుకెళ్ళిన ప్రతిసారీ నేను చూస్తాను. చూడకుండా ఉండలేను. అలాంటి చూపు కింద పిల్ల పెరగకూడదు. నాకు చూడాలనిపించినప్పుడు నేనే బస్సెక్కి వస్తాను, నీ మాడిన అన్నం తింటాను. క్షమాపణ మాట ఎత్తకు, నీకూ నాకూ మధ్య ఆ లెక్కలు ఎప్పుడూ లేవు.

మైదా పారబోసే ముందు చివరిసారి ఒక గిన్నెడు కాచాను. వేడిగా ఉండగానే రెండు వేళ్ళతో తీసి నోట్లో పెట్టుకున్నాను. ఉప్పు లేదు, తీపి లేదు, పళ్ళకి అంటుకుపోయే బంక. ఏ రుచీ లేదురా. దీని కోసం పిల్ల నా వెనక దొంగలా నిలబడిందా అనుకున్నాను.

అది నా ఇంట్లో ఉన్న ఎనిమిది నెలల్లో వాళ్ళమ్మ గురించి నేను ఒక్క మాట మాట్లాడలేదు. ఏడుస్తుందేమో, ఉన్న కాస్త ఒళ్ళూ కరిగిపోతుందేమో అని భయం. ఫోటో కూడా బీరువాలో పెట్టేశాను. మాత్రలు, చుక్కలు, పాలు, గుడ్డు, అన్నీ వేళకి ఇచ్చాను. అదొక్కటి ఇవ్వలేదు. అది వెళ్ళి ఆ గిన్నెలో వెతుక్కుంది.

ఫోటో ఈ ఉత్తరంతో పంపుతున్నాను. రోజూ అన్నం దగ్గర కూర్చోబెట్టి వాళ్ళమ్మ సంగతులు చెప్పు. ఎలా నవ్వేది, దేనికి కోప్పడేది, పిండి కలుపుతూ ఏం పాడేది. ఏడిస్తే ఏడవనీ. నాకు చేతకాలేదు, నువ్వైనా చెప్పు.

అక్క